డిపెండెంట్ల జాబితా

2000 సంవత్సరం వేసవిలో అమెరికా వెళ్లినప్పుడు నా పాస్‌పోర్టులో అంటించిన వీసా మీద హెచ్-4 అని ఉంది. నేను ఎం.సి.ఏ. చదివాను. పెళ్లికి ముందు హైదరాబాదులో రెండేళ్లు ప్రోగ్రాములు రాశాను. ఆ చదువుకీ ఆ రెండేళ్లకీ ఆ కాగితంలో చోటు లేదు. దాన్ని అందరూ డిపెండెంట్ వీసా అనేవాళ్లు. మా అపార్ట్‌మెంట్లలో తెలుగు ఆడవాళ్లు కొత్తగా కలిస్తే ‘‘ఏ ఊరు మీది?’’ తర్వాత వచ్చే ప్రశ్న ‘‘మీరు హెచ్-వన్నా, డిపెండెంటా?’’ అనే. జవాబు చెప్పేటప్పుడు గొంతు కొంచెం తగ్గేది.

2001లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వరసగా జనాన్ని తీసేస్తున్నప్పుడు మా ఆయన ఉద్యోగం పోయింది. సాయంత్రం ఫోన్ చేసి ఆ ఒక్క మాటే చెప్పాడు. నేనప్పుడు వంటింట్లో పప్పు తాలింపు వేస్తున్నాను. నేనేమీ చేయలేదు, ఎవరూ నన్నేమీ అడగలేదు. అయినా ఆ మాటతో ఆ దేశంలో నేనుండే హక్కు కూడా ప్రశ్నార్థకమైపోయింది. ఎక్కడో ఒక విలువ మారింది, దాన్ని పట్టుకుని ఉన్న విలువలన్నీ మారిపోయాయి.

ఆ తర్వాత కొన్ని వారాలు మా ఆయన ఇంటర్వ్యూలకి తిరుగుతుంటే నేను దగ్గర్లో ఉన్న యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చునేదాన్ని. లోపలికెళ్లి చదువుకోడానికి వీసా అడగరు. అక్కడే ‘స్మాల్‌టాక్-80’ అనే పుస్తకం చూశాను. 1983లో వచ్చిన పుస్తకం అది. రాసింది అడెలె గోల్డ్‌బర్గ్, డేవిడ్ రాబ్సన్. పేజీలు తిప్పుతుంటే నా మాట నాకే కనపడింది: డిపెండెంట్లు. ఒక వస్తువు మారినప్పుడు ఆ సంగతి తెలియాల్సిన ఇతర వస్తువుల జాబితాకి ఆ భాషలో పెట్టిన పేరు అది.

ఈ వ్యాసం ఆ జాబితా చరిత్ర గురించి. సాంకేతిక విషయం మనకెందుకని పక్కన పెట్టకండి. తెర మీద మనం చూసే ప్రతి గడీ, ప్రతి బొమ్మా, ప్రతి బటనూ ఈ జాబితాల మీదే నడుస్తోంది. దాన్ని తయారుచేసిన గదుల్లో ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఎవరి పేరు నిలిచింది, ఎవరిది నిలవలేదు అన్నది కూడా ఈ చరిత్రలో భాగమే.

ముందు విషయం తేలిగ్గా చెప్తాను. మా అమ్మ గోడ కేలండర్ మీద పాల లెక్క రాసేది. పాలు రాని రోజు మీద సున్నా చుట్టేది, అరలీటరు ఎక్కువ పోయించుకున్న రోజు మీద గీత పెట్టేది. నెలాఖరున లీటర్లు లెక్కేసి ధరతో గుణించేది. ఆ మొత్తం ఇంటిఖర్చు లెక్కలోకి వెళ్లేది. ఖర్చు పోగా మిగిలింది చీటీపాటకి. పాల ధర పావలా పెరిగితే పాల బిల్లు మారాలి, ఇంటిఖర్చు మారాలి, మిగులు మారాలి. కేలండర్ తనంతట తాను వీటిలో ఏదీ మార్చదు. ఏది మారితే ఏది మార్చాలో అమ్మ తలలో ఉండేది. ఆవిడ మర్చిపోతే లెక్క తప్పేది.

మొదట్లో కంప్యూటర్ తెరలదీ ఇదే కథ. లోపల ఒక అంకె మారితే తెర మీద దాన్ని చూపించే ప్రతి చోటా మార్చమని ప్రోగ్రామర్ విడివిడిగా రాయాలి. ఒకచోట మర్చిపోతే తెర అబద్ధం చెప్తుంది. ‘ఏది దేని మీద ఆధారపడింది’ అన్న జ్ఞానాన్ని మనిషి తలలోంచి తీసి యంత్రానికి అప్పగించడమే ఈ చరిత్రంతా.

దీనికి పూర్వులున్నారు. 1963లో ఎం.ఐ.టి.లో ఐవన్ సదర్లండ్ చేసిన స్కెచ్‌ప్యాడ్‌లో ‘ఈ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలి’ అని ఒకసారి చెప్తే బొమ్మ ఆ షరతుకి తగ్గట్టు సర్దుకునేది. కానీ మనం ఇవాళ వాడే కిటికీలు, మెనూలు, వాటి వెనకున్న జాబితా ఒకచోట కలిసింది కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో, పార్క్ అని పిలిచే చోట, 1970లలో.

అడెలె గోల్డ్‌బర్గ్ 1945లో క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. గణితం చదివి, 1973లో షికాగో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ తీసుకుని ఆ ఏడే పార్క్‌లో చేరింది. ఆమె ఆసక్తి యంత్రం మీదకంటే నేర్చుకోవడం మీద. ఏలన్ కే నడిపిన ఆ బృందం పేరే అభ్యాస పరిశోధన బృందం. ప్రోగ్రామర్లకి పిల్లలు అడ్డమని అనుకునే కాలంలో వాళ్లు బడిపిల్లల్ని కూర్చోబెట్టి స్మాల్‌టాక్ నేర్పారు. ఆ పిల్లల్లో పన్నెండేళ్ల ఆడపిల్లలు ఇద్దరు, ఒకరు రంగులు వేసే ప్రోగ్రామూ, ఇంకొకరు బొమ్మలు గీసి సవరించే ప్రోగ్రామూ తయారుచేశారు. 1977లో కే, గోల్డ్‌బర్గ్ కలిసి రాసిన వ్యాసం, ఒడిలో పెట్టుకోగల వ్యక్తిగత కంప్యూటర్‌ని ఊహిస్తూ రాసింది, ఆ అనుభవాల మీదే నిలబడింది.

అదే బృందంలో డయానా మెర్రీ ఉంది. పార్క్‌కి సెక్రటరీగా వచ్చి, అక్కడే ప్రోగ్రామర్ అయింది. తెర మీద ఒక దీర్ఘచతురస్రాన్ని, అందులోని చుక్కలన్నిటితో సహా, వేగంగా ఒకచోటి నుంచి ఇంకోచోటికి తరలించే పద్ధతి 1975లో అక్కడ తయారైంది. దాన్ని బిట్‌బ్లిట్ అంటారు. డాన్ ఇంగాల్స్ పేరుతో పాటు చెప్పుకోవలసిన పేరు ఆమెది. కిటికీ జరిగినా, అక్షరాలు పైకి పాకినా, మెనూ తెరుచుకుని మూసుకున్నా ఆ పనే జరిగేది. సెక్రటరీ బల్ల నుంచి ఆ పనికి ఆమె నడిచిన దూరం ఎంతో, ఆఫీసుల్లో టైపు మిషన్ల ముందు జీవితాలు గడిపిన మన అక్కలకి చెప్పనక్కర్లేదు.

1978లో నార్వే నుంచి ట్రిగ్వే రీన్‌స్కౌగ్ అక్కడికి అతిథిగా వచ్చాడు. ఓడలు కట్టే కార్ఖానాల ప్రణాళికలు కంప్యూటర్లో చూపించడం అతని సమస్య. ఒకే సమాచారాన్ని ఒకరికి పట్టికగా, ఇంకొకరికి బొమ్మగా చూపించాలి, ఎవరు మార్చినా అందరికీ మారాలి. సమాచారాన్ని ఒక భాగంగా, చూపించే పనిని మరో భాగంగా, మనిషి చేతిని అందుకునే పనిని ఇంకో భాగంగా విడదీశాడు. మొదట వాటికి పెట్టిన పేర్లు వేరు. గోల్డ్‌బర్గ్‌తో సాగిన సుదీర్ఘ చర్చల తర్వాత 1979 చివరికి ‘మోడల్, వ్యూ, కంట్రోలర్’ అనే పేర్లు ఖాయమయ్యాయని రీన్‌స్కౌగే తర్వాత రాశాడు. ఈ మూడు మాటలూ చదవని కంప్యూటర్ విద్యార్థి ఇవాళ లేడు. వాటి నామకరణానికి కూర్చున్న ఆమె పేరు పాఠంలో రాదు. పేరు పెట్టడం చిన్న పని కాదని సాహిత్యంలో ఉన్నవాళ్లకి తెలుసు.

స్మాల్‌టాక్-80లో జాబితా పని తీరు ఇది. సమాచారం ఉన్న వస్తువు దగ్గర డిపెండెంట్ల పట్టీ ఉంటుంది. చూపించే కిటికీ తన పేరు అందులో నమోదు చేసుకుంటుంది. సమాచారం మారినప్పుడు ఆ వస్తువు ‘మారాను’ అని మాత్రం ప్రకటిస్తుంది. పట్టీలో ఉన్న ప్రతి పేరుకీ ‘నిన్ను నువ్వు సరిచేసుకో’ అన్న సందేశం వెళ్తుంది. ఎవరెవరు చూస్తున్నారో, వాళ్లు ఆ మార్పుతో ఏం చేస్తారో ఆ వస్తువుకి పట్టదు. గోల్డ్‌బర్గ్, రాబ్సన్ పుస్తకంలో దీనికి ట్రాఫిక్ దీపాల ఉదాహరణ ఉంది. ఒక దీపం వెలిగితే అది మిగతా దీపాలకి డిపెండెంట్ల పద్ధతిలోనే కబురు పంపుతుంది, అవి ఆరిపోతాయి. 2001లో లైబ్రరీలో ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒక దీపం వెలగాలంటే మిగతావి ఆరాలన్నది కూడలిలో భద్రత కోసం పెట్టిన నియమం. సంసారంలో దాన్ని ఎవరు పెట్టారు?

1979 డిసెంబరులో స్టీవ్ జాబ్స్ తన ఆపిల్ బృందంతో పార్క్‌కి వచ్చాడు. జిరాక్స్ ఆపిల్‌లో పెట్టుబడి పెట్టినందుకు బదులుగా జరిగిన సందర్శన అది. లోపలున్నదంతా వాళ్లకి చూపించమంటే గోల్డ్‌బర్గ్ ఒప్పుకోలేదు. ఇది మన కష్టం, ఊరికే ఇచ్చేస్తున్నారని వాదించింది. పైవాళ్లు ఆజ్ఞాపిస్తే తప్ప చూపించనంది. పైవాళ్లు ఆజ్ఞాపించారు, ఆమె చూపించింది. 1983లో లీసా, 1984లో మెకింతాష్ వచ్చాయి. ఈ కథని జాబ్స్ దూరదృష్టి కథగా ఎన్నోసార్లు చెప్పుకున్నారు. గోల్డ్‌బర్గ్ అందులో దారికి అడ్డంగా నిలబడిన మొండి మనిషిగా ఒక నిమిషం కనిపిస్తుంది. తను చేసిన పని విలువ ఎంతో ఆ గదిలో సరిగ్గా అంచనా వేసింది ఆమే అన్నది మాత్రం ఎక్కువమంది చెప్పరు.

ఆమె అనామకురాలని నేననను. 1984 నుంచి 86 దాకా కంప్యూటర్ శాస్త్రజ్ఞుల అతిపెద్ద సంఘం ఏ.సి.ఎం.కి అధ్యక్షురాలు. 1987లో ఆ సంఘం సాఫ్ట్‌వేర్ పురస్కారాన్ని కే, ఇంగాల్స్, గోల్డ్‌బర్గ్ ముగ్గురికీ ఇచ్చింది. 1988లో పార్క్‌ప్లేస్ అనే కంపెనీ స్థాపించింది. అదే సంఘం ఇచ్చే ట్యూరింగ్ పురస్కారం స్మాల్‌టాక్ పనికిగాను 2003లో వచ్చింది కే ఒక్కడికి. ఆ పురస్కారం ఒక మహిళకి మొదటిసారి దక్కింది 2006లో, ఫ్రాన్సెస్ అలెన్‌కి. 1966లో మొదలైన బహుమతి అది. మధ్యలో నలభై ఏళ్లు.

1979లోనే ఇంకో ప్రవాహం మొదలైంది. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ తయారుచేసిన విసికాల్క్ ఆ ఏడు బజారుకొచ్చింది. మా అమ్మ కేలండర్ యంత్రంలోకి వచ్చినట్టే. ఒక గడిలో ధర మారిస్తే బిల్లు గడి దానంతటదే మారుతుంది. కానీ అది గడుల్ని వరసగా, అడ్డంగానో నిలువుగానో, లెక్కేసుకుంటూ పోయేది. పైగడి లెక్క కిందిగడి మీద ఆధారపడితే మొదటిసారి పాత అంకెతోనే లెక్కేసేది, మళ్లీ వేయించాలి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది గడి ఎక్కడుందన్న దాన్ని బట్టి కాక ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారన్న దాన్ని బట్టి తేల్చడం తర్వాత సాధారణమైంది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అలాగే చేసేది.

స్మాల్‌టాక్ జాబితాకి రెండు లోపాలున్నాయి. ఒకటి, పేరు నమోదు చేసుకోవడం, తీసేసుకోవడం ప్రోగ్రామరే గుర్తుపెట్టుకోవాలి. పని అయిపోయిన కిటికీ తన పేరు తీసేయించుకోకపోతే జాబితా దాన్ని పట్టుకునే ఉంటుంది. ఎవరికీ కనపడకుండా, ఎందుకూ పనికిరాకుండా జ్ఞాపకంలో మిగిలిపోతుంది. రెండు, ‘మారాను’ అన్న కబురు ఎవరికి అవసరం, ఎవరికి కాదు అన్న విచక్షణ తక్కువ. 1994లో నలుగురు రచయితల ‘డిజైన్ పాటర్న్స్’ పుస్తకం ఇదే ఏర్పాటుని ‘అబ్జర్వర్’ అనే పేరుతో ప్రపంచమంతా వ్యాపింపజేసింది. అంటే, ఆధారపడే ఆమె గమనించే ఆమె అయింది. పేరు మారింది. నమోదు భారం మాత్రం అలాగే ఉంది.

ఈ భారాన్ని యంత్రమే మోసే పద్ధతి 2010 ప్రాంతంలో బాగా ప్రచారంలోకొచ్చింది. క్యూట్ అనే పరికరాల పెట్టెలో భాగంగా వచ్చిన క్యూ.ఎం.ఎల్. భాష, వెబ్ పేజీల కోసం వచ్చిన నాకౌట్ ఆ ఏటివే. నేనివాళ నా విద్యార్థినులకి చూపించేది మాత్రం స్లింట్. క్యూట్‌లో ఏళ్ల తరబడి పనిచేసిన ఒలివియర్ గోఫార్, సైమన్ హౌస్మన్ 2020లో దాన్ని వేరే పేరుతో మొదలుపెట్టారు. 2022లో స్లింట్ అయింది, 2023లో మొదటి పూర్తి విడుదల వచ్చింది. లోపలి భాగం రస్ట్ భాషలో ఉంటుంది. అదే లోపలి భాగాన్ని సి++, జావాస్క్రిప్ట్, పైథాన్ భాషల్లో రాసేవాళ్లు కూడా వాడుకోవచ్చు. తెర ఎలా ఉండాలో చిన్న ప్రత్యేక భాషలో రాస్తే, దాన్ని రస్ట్‌లోకో సి++లోకో తర్జుమా చేసే కంపైలర్ ఉంది. భాషలెన్నైనా ఆధారాల లెక్క ఒక్కచోటే ఉంటుంది.

ఈ రంగంలో ప్రతి విలువనీ ‘ప్రాపర్టీ’ అంటారు. తెలుగులో దాన్ని లక్షణం అంటున్నారు. ఆ ఇంగ్లీషు మాటకి మనకి మొదట స్ఫురించేది ఆస్తి. కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో హక్కు కోసం 1985 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో, 2005 నుంచి దేశమంతా అమల్లోకొచ్చిన సవరణల్ని చూసినవాళ్లం కదా. నాకు మాత్రం రెండర్థాలూ కలిసే వినిపిస్తాయి.

స్లింట్ లోపల ఒక ప్రాపర్టీకి సూత్రం ఉండొచ్చు. ‘బిల్లు అంటే లీటర్లు ఇంటూ ధర’ లాంటిది. ఆ సూత్రాన్ని లెక్కేయడం మొదలవగానే ‘ప్రస్తుతం లెక్క జరుగుతున్నది బిల్లుకి’ అని ఒకచోట గుర్తు పెడతారు. లెక్క మధ్యలో ధరని చదివితే, ధర తన జాబితాలో బిల్లు పేరు తనే రాసుకుంటుంది. అంటే చదవడమే నమోదు. వేరే దరఖాస్తు లేదు. ధర మారినప్పుడు జాబితాలో ఉన్నవాళ్లందరి మీదా ‘పాతబడింది’ అన్న గుర్తు మాత్రం పడుతుంది, వాళ్ల మీద ఆధారపడినవాళ్ల మీదకీ ఆ గుర్తు పాకుతుంది. వెంటనే లెక్క వేయరు. తెర గీయడానికి ఎవరైనా ఆ విలువ అడిగినప్పుడే వేస్తారు. అమ్మ కేలండర్ మీద సున్నా చుట్టి ఊరుకుని, పాలబ్బాయి వచ్చినప్పుడు లెక్కేసినట్టే. మళ్లీ లెక్క వేసేటప్పుడు పాత నమోదులు చెరిపేసి, ఈసారి నిజంగా చదివినవాటి దగ్గరే కొత్తగా పేరు రాయిస్తారు. నిన్న ఆధారపడ్డావు కాబట్టి ఇవాళా ఆధారపడ్డట్టే అన్న ఊహ ఇక్కడ లేదు. ఆధారపడ్డ విలువ అంతరించినప్పుడు దాని పేరు అన్ని జాబితాల నుంచీ దానంతటదే తొలగిపోతుంది.

ఇంత చెప్పినా, ఈ సౌకర్యాలు ఎవరి చేతికి అందుతున్నాయన్న ప్రశ్న మిగులుతుంది. దాన్ని అడిగినామె మార్గరెట్ బర్నెట్. ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆమె ఫామ్స్/3 అనే పరిశోధక భాష తయారుచేసింది. గడుల్ని కోరుకున్నచోట పెట్టుకుని సూత్రాలు రాయొచ్చు, ఏ గడి దేని మీద ఆధారపడిందో బాణాలు వేసి చూపించమనొచ్చు. అంటే మనం చెప్పుకుంటున్న జాబితాని వాడేవాళ్ల కళ్లముందే పెట్టడం. 2004, 2005లో ఆమె, లారా బెక్‌విత్ మరికొందరితో కలిసి, గడుల లెక్కల్లో తప్పులు వెతికేటప్పుడు స్త్రీపురుషులు ఈ సౌకర్యాల్ని ఎలా వాడుతున్నారో పరిశీలించారు. కొత్త సదుపాయాల్ని ముట్టుకుని చూడడానికి స్త్రీలు వెనకాడారు. తమ మీద తమకున్న నమ్మకం తక్కువైనచోట ఆ వెనకాడడం పనిని కూడా దెబ్బతీసింది. దాన్నుంచి బర్నెట్ తీసిన ముగింపు ‘ఆడవాళ్లకి శిక్షణ ఇవ్వండి’ అని కాదు. సాఫ్ట్‌వేర్ ఎలాంటి మనిషిని ఊహించుకుని తయారైందో చూడండి, దాన్ని మార్చండి అని. అలా పరీక్షించే పద్ధతికి తర్వాత జెండర్‌మ్యాగ్ అన్న పేరొచ్చింది. ఆధారాల జాబితాని నిర్మించినామే ఆ జాబితా ఎవరిని వదిలేసిందో అడగడం నాకు ఈ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం.

నా కథ ముగిస్తాను. మా ఆయనకి ఉద్యోగం దొరకలేదు. 2002లో తిరిగొచ్చేశాం. నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాను, ఇంకా చెప్తున్నాను. అక్కడే ఉండిపోయిన నా స్నేహితురాళ్లలో కొందరికి పని చేసుకునే అనుమతి వచ్చింది 2015 మేలో. అది కూడా భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంతదూరం నడిచినవాళ్లకే. ఆ అనుమతి కాగితం కూడా భర్త స్థితి మీద రాసిన సూత్రమే. పదమూడేళ్లు ఇంట్లో ఉన్న ఒక స్నేహితురాలు ఆ కాగితం వచ్చిన రోజు ఫోన్ చేసి, ‘‘వచ్చిందే, కానీ రెజ్యూమెలో ఈ పదమూడేళ్లకీ ఏం రాయనే?’’ అంది. నా దగ్గర జవాబు లేదు.

మొన్న స్లింట్ పాఠంలో ఒక విద్యార్థిని అడిగింది, ‘‘మేడమ్, రెండు ప్రాపర్టీలు ఒకదాని మీద ఒకటి ఆధారపడితే? ఎవరు ఎవరికి డిపెండెంట్?’’ అని. మంచి ప్రశ్న. ‘అ’ కోసం ‘ఆ’ని, ‘ఆ’ కోసం ‘అ’ని చదివితే లెక్క తెగదు. అందుకని స్లింట్‌లో రెండువైపుల బంధం వేసినప్పుడు లోపల మూడో ప్రాపర్టీ ఒకటి పుడుతుంది. విలువ అందులో ఉంటుంది. ‘అ’ కానీ ‘ఆ’ కానీ దాని యజమాని కాదు. రెండూ దాన్నే చూస్తాయి, ఏది మార్చినా ఆ ఉమ్మడి విలువే మారుతుంది. కోడ్ తెరిచి చూపించాను. ఆ మూడో దానికి అక్కడ పెట్టిన పేరు ‘కామన్ ప్రాపర్టీ’.

పిల్లలు రాసుకున్నారు. నేను బోర్డు తుడుస్తూ, వంటింట్లో నాకా ఫోన్ వచ్చిన సాయంత్రం గురించి వాళ్లకి చెప్పాలా వద్దా అని ఆలోచించాను. ఆ తరగతిలో సగంమందికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, వాటిలో చాలావరకు అమెరికావి. చెప్పాను.